కోడలి పేరుతో తెరుచుకునే మిషను

సెప్టెంబరు 8, సోమవారం

మిల్లులో ఆ కంప్యూటరు మిషను పెట్టినప్పటి నుంచి నాకు ఒకటే దిగులు. సుగుణ బస్సెక్కిందో లేదో. రేణిగుంట రోడ్డులో దిగిందో లేదో. మిషనుకు దుమ్ము తగలకూడదట, వేడి తగలకూడదట. దానికోసం గదంతా చల్లబెట్టి ఉంచుతారు. మనిషికి ఏం తగిలినా పరవాలేదు. దగ్గుకుంటూ ఇంటికొస్తుంది కోడలు.

నా కొడుకు పోయాక వాడి బదులు దీనికిచ్చిన ఉద్యోగం. మద్రాసుకు పంపి ఆ మిషను పని నేర్పించారు. ముండమోసినవాళ్ళం ఇద్దరం, ఆ జీతం మీదే తింటున్నాం. అది పోతే... కొండ బస్సుల దగ్గర పూలు కట్టి అమ్ముకోవాలి. నా వేళ్ళకు ఇప్పుడు అదీ చేతకాదు.

పెద్ద బీరువా అంత ఉంటుందట. ఎవరు ఏ రోజు పనికొచ్చారు, ఎవరి జీతం ఎంత, ఎంత నూలు పోయింది — మిల్లు మొత్తం దాని కడుపులోనే. కాగితం మీద రాసుకుంటే వీళ్ళకేం నొప్పి?

సెప్టెంబరు 9, మంగళవారం

దానికి తాళం ఉందట. ఇనుప తాళం కాదు. ఒక మాట. ముందు మన పేరు కొట్టాలి, తరువాత ఆ మాట కొట్టాలి. అప్పుడే తెరుచుకుంటుంది. సుగుణ పేరుకు ఆ మాట ఏం పెట్టారో అన్నం తింటూ చెప్పింది.

"గోవింద అని పెట్టమన్నాడత్తా మేనేజరు. మంచి జరుగుతాదంట."

ఈ ఊళ్ళో! రైలు దిగిన ప్రతివాడూ వీధంతా అరుచుకుంటూ పోయే మాట! గుండ్లు కొట్టించుకొని మా తిన్నె మీద కూర్చుని పొంగనాలు తినేవాళ్ళు కూడా తెరిచేస్తారే ఆ బీరువాను!

"నువ్వు చెప్పకూడదా మే?"

"చెప్పినా. దేవుడి పేరే పనికిరాదా నీకు అని పదిమందిలో అన్నాడు. ఇంకేం చెప్పేది?"

కోదండం అని, ఆ మేనేజరు. నా కొడుకు చావుకొచ్చి కూడా గడియారం చూసుకున్న మనిషి. వాడి మొహం చూస్తేనే నాకు ఒళ్ళు మంట.

సెప్టెంబరు 12, శుక్రవారం

ఇంకో సంగతి బయటపడింది. ఇన్నాళ్ళూ నాకు చెప్పలేదు ఈ పిల్ల.

మిల్లు ఓనరుకు పట్టింపులెక్కువ. అంగడి తలుపు తీసినట్టే మిషనూ తెరవాలట. రాహుకాలం తగలకూడదు. మొదటి చెయ్యి ముత్తైదువది కావాలి. సుగుణ చెయ్యి పనికిరాదు కదా. అందుకని టైపు కొట్టే సరళ ముందే వచ్చి, పటానికి దీపం పెట్టి, మిషను తెరిచి పెడుతుంది. ఆ సరళకు మిషనులో సొంత పేరు లేదు. సుగుణ పేరే కొడుతుంది. సుగుణ మాటే కొడుతుంది.

"తెరిస్తే సాయంత్రం దాకా ముయ్యకూడదంట అత్తా. మధ్యలో మూస్తే అపశకునమంట. నేను పోకముందు నా కుర్చీలో ఎవురు కూసున్నా అడిగే దిక్కు లేదు. ఏం చేసినా నేను చేసినట్టే రాసుకుంటాది మిషను."

"రాసుకుంటాదా?"

"ఎవురు తెరిచినారు, ఎప్పుడు తెరిచినారు, ఏం చేసినారు... అంతా రాసుకుంటాది. ఎవురి పేరు వాళ్ళకుండాల. ఎవురి మాట వాళ్ళకే తెలియాల. లేచి పోతే మూసి పోవాల. నేర్పించేటప్పుడు మొదటి రోజు చెప్పినారు ఇది."

పోనీలే, అన్నాను. వాళ్ళ మిల్లు, వాళ్ళ నమ్మకం. పెళ్ళిళ్ళలో మనం వెనక నిలబడటం లేదా? గమ్మునుండు, ఉద్యోగం చూసుకో అన్నాను. కంచం ముందు నుంచి లేచిపోయింది. పెరుగన్నం అట్లాగే వదిలేసి.

సెప్టెంబరు 13, శనివారం

సంచిలో అన్నం గిన్నె పక్కన ఒక చక్రం తెచ్చింది. ప్లాస్టిక్ డబ్బాలో, దోసె పెనం అంత. టేపట. మిషనులో ఉన్నదంతా దీని మీద ఇంకోసారి రాసి ఉంటుందట.

"మిల్లు సొత్తు ఇంట్లో ఎందుకే? దొంగతనం కడతారు."

"మిల్లు కాలిపోతే? ఆ గదిలోనే పెడితే అదీ కాలిపోతాది కదా. ఒకటి ఆడ, ఒకటి ఈడ. శనివారం శనివారం మారుస్తా. మేనేజరు సరే అన్నాడు."

"కాగితం మీద అన్నాడా?"

"నోటితోనే."

నోటితో. వాడి నోరు!

పొయ్యి దగ్గర పెట్టకూడదు. రేడియో దగ్గర పెట్టకూడదు. తేమ తగలకూడదు. రాసింది మళ్ళీ చదవడానికి వస్తుందో లేదో అప్పుడప్పుడు మిషనులో పెట్టి చూసుకోవాలి కూడానట. చెక్క బీరువాలో నా పట్టుచీర తీసి పక్కన పెట్టి, ఆ చోట్లో పెట్టింది దాన్ని. బాలింతను కూడా ఇంత భద్రంగా చూడరు ఎవరూ. ఆ బీరువా ముందు నుంచి పోతుంటే నాకు పోలీసులు కనిపిస్తున్నారు.

సెప్టెంబరు 16, మంగళవారం

మేనేజరు బామ్మర్ది దిగాడు మద్రాసు నుంచి. దసరాకు మిల్లులో బోనసు ఇస్తారు. ఏడాదిలో ఎన్ని రోజులు పనికొస్తే అంత. ఆ లెక్క మిషనే వేసేటట్టు ఏదో ప్రోగ్రాం రాస్తున్నాడట. సుగుణకు వాడంటే దడ.

"అసలు లెక్కల మీద పెట్టొద్దబ్బా, నకలు తీసి దాని మీద ఆడించి చూడు అన్నా. నేను రాసిన దాంట్లో తప్పుండదు మేడం అన్నాడు. నకలు తీస్తే టైము వేస్టంట."

కొత్త పెనం తెస్తే మొదటి దోసెలు పారేసుకోవడానికే పోస్తాం. వీడి పెనం మీద మాత్రం కొన్నరోజే దోసె నున్నగా వస్తుంది కాబోలు! మెడలో గొలుసు, కళ్ళకు నల్లద్దాలు అట. చల్లటి గదిలో నల్లద్దాలు ఎందుకు?

సెప్టెంబరు 18, గురువారం

కొళాయి రాలేదు. కిరసనాయిలు అయిపోవచ్చింది. సుగుణ దగ్గు తగ్గలేదు.

సెప్టెంబరు 20, శనివారం

పాత టేపు తీసుకుపోయి కొత్తది తెచ్చింది. బీరువాకు తాళం వేశాను. వేశానా? చూశాను. వేశాను.

సెప్టెంబరు 22, సోమవారం

మధ్యాహ్నమే వచ్చేసింది. తిన్నె మీదే కూర్చుండిపోయింది. చెప్పులు కూడా విప్పలేదు.

మిషనులో ఏడాది హాజరు మొత్తం పోయిందట. మిల్లులో ఒక్క మనిషి కూడా ఒక్క రోజు కూడా పనికి రానట్టే ఉందట ఇప్పుడు. చెరిపింది ఎవరు అని మిషనును అడిగితే — సుగుణ అంటుంది. సుగుణ పేరు. పొద్దున్నే, రాహుకాలం రాకముందే తెరిచి, కాసేపటికి చెరిపింది అంటుంది.

ఆ పొద్దున ఇది ఈ వీధి కొళాయి దగ్గర ఉంది! బిందె ముందు పెట్టిందని పక్కింటి కనకమ్మతో కొట్లాడుతూ ఉంది. వీధి వీధంతా విన్నది ఆ కొట్లాట. కానీ మిషనులో మాత్రం అదే పొద్దున సుగుణ చల్లటి గదిలో కూర్చుని జనం హాజరు చెరుపుతూ ఉంది.

"సరళ తెరిచి పెట్టి పోయింటాది. ఆ బామ్మర్ది కూసోని తన ప్రోగ్రాం నడిపించినాడు. అసలు లెక్కల మీదే. అదే చెరిపేసింది అంతా. నేను పోయేసరికి నా కుర్చీ వెచ్చగా ఉండాది అత్తా."

"మిల్లులో ఉన్న ఆ ఇంకో టేపు? శనివారం నువ్వు తీసుకుపోయినావు కదా?"

అప్పుడు ఏడ్చింది. మేనేజరు కంగారులో అరిచాడట — ఉన్నదాన్నయినా టేపు మీదకు ఎక్కించండి ముందు, అని. వద్దు సార్ అంటున్నా వినకుండా ఆ బామ్మర్దే ఎక్కించాడు. ఉన్నదేముంది? ఖాళీ. ఆ ఖాళీని తీసుకుపోయి నిండుగా ఉన్న టేపు మీద రాశాడు. రెండూ పోయాయి.

"ఇంటి దగ్గరుండు, పిలిచినప్పుడు రా" అన్నాడట దీన్ని.

నేను అనుకుంటూనే ఉన్నాను. అనుకుంటూనే...

సెప్టెంబరు 23, మంగళవారం

ఇద్దరమూ బీరువా వైపు చూడటం లేదు. అందులో ఉంది కదా మూడోది. ఎవరమూ ఆ మాట ఎత్తలేదు ఇవాళ.

సెప్టెంబరు 24, బుధవారం

కోదండం ఇంటికే వచ్చాడు. జీపు వీధి మొదట్లో ఆపి, అందరూ చూసేటట్టు నడిచి వచ్చాడు. కుర్చీ వేయలేదు నేను. నిలబడే మాట్లాడాడు.

"పెద్దామె, కోడలికి బుద్ధి చెప్పు. ఈడ సంతకం పెట్టి ఉద్యోగం మానుకుంటే పోలీసుల దాకా పోదు. ముండ... మొగుడు లేని మనిషి, మాకూ జాలి ఉండాది."

కాగితంలో 'నా పొరపాటు వలన' అని ఉంది. కూడబలుక్కుని చదివాను. అయిదు తరగతులు చదివిన దానికి అంతవరకు వస్తుంది.

సుగుణ లోపల నుంచే అడిగింది. "సోమవారం పొద్దున మిషను తెరిచింది ఎవురు సార్?"

"నీ పేరే ఉండాది."

"చెయ్యి ఎవురిది అని అడుగుతాండా."

"చేతులకు గుర్తులుండవు మే. పేరుకే ఉంటాది." నవ్వాడు కూడా. పళ్ళు బయటపెట్టి.

వాడు పోయాక నేను సంతకం పెట్టెయ్యమన్నాను. ఉద్యోగం పోయినా పరవాలేదు, పోలీసులొద్దు. కాళ్ళు పట్టుకుంటాను మే, అన్నాను. "చెయ్యని పనికా?" అంది. చెయ్యకపోతే ఏమి, ఎవరు నమ్ముతారే నిన్ను! అరిచాను. గొంతు పోయింది.

సెప్టెంబరు 25, గురువారం

సరళ వచ్చింది. మల్లెపూలు, పెద్ద బొట్టు, కళ్ళు వాచి. మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు నేను. ఇవ్వబుద్ధి కాలేదు.

"అక్కా, నేను దీపం పెట్టి, మిషను తెరిచి, టీ తాగేదానికి పోయినా. తిరిగొచ్చేటప్పుడు ఆ మద్రాసాయన నీ కుర్చీలో ఉన్నాడు. చూసినా. కానీ మా ఆయనా ఆ మిల్లులోనే ఫిట్టరు కదక్కా. ఇద్దరివీ పోతే..."

"అయితే ఇక్కడెందుకొచ్చినావు మే? మా మొహం చూసి పోదామనా?" అన్నాను నేను.

"అత్తా, ఊరుకో" అంది సుగుణ. నన్ను! వచ్చినదాని ముందు నన్ను!

సరళ వెక్కుతూనే చెప్పింది. ఆ మొదటి చెయ్యి తనకూ ఇష్టం లేదట. పొద్దున్నే పిల్లను ఏడ్పించి వదిలి రావాలట. ఒకరోజు తనకు జ్వరమొస్తే ఓనరు జీపు పంపి పిలిపించుకున్నాడట. తెరిచి పెట్టి మళ్ళీ పడుకోమన్నాడట.

పోయేటప్పుడు కాళ్ళకు మొక్కబోయింది. వెనక్కి జరిగాను. తరువాత అనిపించింది, నీళ్ళయినా ఇచ్చి ఉండాల్సింది. ఎండలో నడిచి వచ్చింది.

సెప్టెంబరు 26, శుక్రవారం

ఇవాళ ఎత్తింది ఆ మాట. టేపు తీసుకుపోయి ఓనరుకు ఇస్తుందట.

"పిచ్చా నీకు? మిల్లు సొత్తు ఇంట్లో దాచిందని అదొక నేరం కడతాడు. స్వర్ణముఖి ఏట్లో పారేద్దాం. ఎవురికి తెలుస్తాది?"

"అత్తా, హాజరు లేకపోతే మిల్లులో జనానికి బోనసు ఎట్లిస్తారు? మేనేజరుకు నచ్చినోళ్ళకు ఇస్తాడు. సరళ మొగుడికి వస్తాదా? ఏడాదంతా నైటు షిఫ్టు చేసిన ముసలోళ్ళకు వస్తాదా?"

"వాళ్ళు నీకు చుట్టాలా?"

చీర మార్చుకుంది. బీరువా తాళం చెవి నా కొంగుకే ఉంది. అడగకుండా విప్పుకుని, టేపు డబ్బా తీసి తువ్వాలలో చుట్టుకుని పోయింది.

సాయంత్రం తిరిగొచ్చి చెప్పింది. ఓనరు టేపు చూసి "బతికించినావు మే" అన్నాడట. మేనేజరు వెంటనే — "సార్, మిల్లు టేపు ఈమె ఇంట్లో ఎట్లుండాది?" అన్నాడట. నేను చెప్పలా! "ఆ సంగతి తరువాత" అన్నాడట ఓనరు. సోమవారం తెరిచింది నేను కాదు సార్, మీరు చెప్పినందుకు సరళ తెరిచింది, అందట ఇది. ఆ మాటకు ఆయన — "దేవుడి పని వేరే, నీ పని వేరే. మిషనులో నీ పేరుండాది కదా. కాగితం సంగతి సోమవారం చూస్తాం. రేపొచ్చి లెక్కలు ఎక్కించు."

దీని చేత లెక్కలు ఎక్కించుకుని, తరువాత దీన్ని పంపేస్తారు. వేరే ఏముంది?

సెప్టెంబరు 27, శనివారం

పొద్దున పోయింది. చీకటి పడే వేళకు వచ్చింది. లెక్కలన్నీ తిరిగొచ్చాయట. గదిలో ఒక్కతే ఉంటానని పట్టుబట్టి, తలుపేసుకుని చేసిందట. నోట్లో అన్నం పెట్టుకుంటూనే నిద్రపోయింది.

సెప్టెంబరు 28, ఆదివారం

తలకు నూనె పెడుతుంటే చెప్పింది. నిన్న ఇంకా ఏమేమి చేసిందో. నా చేతిలో దువ్వెన ఆగిపోయింది.

"సరళకు సొంత పేరు చేసి పెట్టినా. పొద్దున్నే తెరవచ్చు, దీపం పెట్టుకోవచ్చు. ఓనరు పట్టింపు ఓనరుకు జరుగుతాది. కానీ ఆ పేరుతో టైపు పని తప్ప ఇంకేం తెరుచుకోదు. ఆ బామ్మర్దికీ ఒక పేరు పెట్టినా. నకలు లెక్కల మీద ఆడుకోవచ్చు, అసలువి వాడికి కనపడవు. అన్నీ తెరిచే పెద్ద పేరు ఒకటే, నాది. దాని మాట మార్చేసినా."

"గోవింద కాదా?"

"కాదు."

"మరి ఏమి?"

"నీకూ చెప్పను అత్తా. ఓనరు అడిగితే ఆయన చేతికే ఇస్తా. ఇంకెవురికీ ఇయ్యను."

కోపమొచ్చింది. కన్నకూతురి లాగా చూసుకుంటే నాకూ చెప్పదట. నేనేం వీధిలో అరుస్తానా? ... అరవను. కానీ భయపడితే నా నోరు నా మాట వినదు. అది దానికీ తెలుసు.

ఓనరు ఇవాళే మద్రాసు పోతున్నాడట. రేపు సాయంత్రానికి గాని రాడట. అంటే రేపంతా ఆ కోదండం రాజ్యమే. పోవద్దు మే, జ్వరమని కబురు పంపుదాం అన్నాను. వినలేదు.

సెప్టెంబరు 29, సోమవారం

పోయింది. వద్దన్నా పోయింది. వీధి మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడ్డాను.

అదే రోజు, మధ్యాహ్నం

మిల్లు డ్రైవరు చెంగల్రాయుడు వచ్చాడు. చెమటలు కారుతున్నాయి వాడికి. లోపలికి రాడు, కూర్చోడు.

"అవ్వా, సుగుణమ్మ నీకేమన్నా చెప్పిందా? ఆ మిషను తాళం మాట?"

"సుగుణ యాడుండాది రా?"

"మేనేజరు రూములో కూసోబెట్టినారు. పొద్దున్నుంచి. కాఫీ కూడా తాగలేదు. ఓనరుకే చెప్తా అంటాది, ఇంకో మాట లేదు."

"మిషను తెరవలేదా సరళ?"

"తెరిచింది అవ్వా, తన పేరుతోనే. అంతా బాగుండాది. మేనేజరుకే కావాల, ఆ పెద్ద పేరు మాట. బామ్మర్ది ప్రోగ్రాం మళ్ళా నడపాలంట, ఓనరు వచ్చేలోపల."

మళ్ళీ! అదే లెక్కల మీద!

"శ్రీనివాసా కొట్టినారు, వెంకటేశా కొట్టినారు, అలమేలుమంగా కొట్టినారు... దేవుళ్ళందరూ అయిపోయినారు. తప్పు కొట్టేకొద్దీ బిగుసుకు పోయిందంట. ఇంక ఆ మిషను టీవీ పెట్టె ముందర కూసుంటే చాలు, మూతి ముడుచుకుంటాదంట." వాడికి నవ్వొచ్చింది. నా మొహం చూసి మానుకున్నాడు. "పోలీసులకు ఫోను చేస్తానంటాండాడు అవ్వా. నీకు తెలిస్తే చెప్పు, ఆ యమ్మిని ఇంటికి తోలుకొస్తా."

నోరు తెరిచాను. నాకేం తెలుసు రా నాయనా, నాకు చెప్పలేదు, అందామనే తెరిచాను.

"తెలుసు" అన్నాను.

ఎట్లా వచ్చిందో ఆ మాట.

"తెలుసు. నాకే చెప్పింది. నేను చెప్పను. పోయి చెప్పు ఆ కోదండానికి. అడిగేదేదో వచ్చి నన్నే అడగమను. ఆ పిల్లను ఇంటికి పంపమను."

"అవ్వా, ఊరికే తగులుకుంటాండావు."

"తగులుకోనీ. పో."

వాడు నా వైపే చూస్తూ వెనక్కి నడిచాడు. గడపకు తగిలి పడబోయాడు.

మళ్ళీ రాస్తున్నాను

ఏం చేశాను? పోలీసులు వస్తే ముసలిదని చూస్తారా? స్టేషను ఎక్కడో కూడా నాకు తెలియదు. సుగుణ వింటే ఏమంటుంది? లేని తగాదా తెచ్చిపెట్టావంటుంది.

నాకు ఆ మాట తెలియదు. ఒక్క అక్షరం తెలియదు. బెదిరించినా, కొట్టినా, భయపడి ఏది వాగినా, ఆ ఒక్కటి నా నోట్లోంచి రాదు. రావడానికి లేదు. చెప్పకుండా భలే పని చేసింది ఆ పిల్ల.

పెద్ద బొట్టు పెట్టుకున్న వాళ్ళ చెయ్యే కావాలట మిషనుకు. వాళ్ళకిప్పుడు కావలసిన మాట మాత్రం బొట్టు లేనివాళ్ళ దగ్గరుంది. వెతుక్కోమను.

మజ్జిగ కలుపుకున్నాను. అట్లాగే పక్కన పెట్టేశాను. కనకమ్మ గోడ మీద నుంచి అడుగుతోంది, ఏమైంది పెద్దమ్మా, మిల్లు జీపు ఊరికే వస్తాది, పోతాది అని. నీకెందుకే అన్నాను. మళ్ళీ పిలిచి, వాళ్ళు వస్తే నువ్వూ బయటికి వచ్చి నిలబడు అన్నాను. ఆ సోమవారం పొద్దున సుగుణ ఎక్కడుందో నీ నోటితో చెప్పాలి, అన్నాను. బిందె తగాదా గుర్తొచ్చి మూతి తిప్పింది. వస్తానని అనలేదు. రానని కూడా అనలేదు.

జీపు. ఒక్కడి అడుగులు కావు... సుగుణ చెప్పుల చప్పుడు ఉందేమోనని వింటున్నాను. వినపడటం లేదు.

"పెద్దామె యాడుండాది?" — కోదండం గొంతు.

తిన్నె మీదకు పోతున్నాను. లోపలికి రానివ్వను.